దేవుని కంటె ముందు వాసన చూసిన కుండ

నారాయణఖేడ్ పోయొచ్చిన అని చెప్తే మా ఆఫీసుల అందరు ఒకటే అడుగుతున్నరు, "అక్కడ ఏమున్నదని పోయినవ్?" బీరు కోసం పోయిన అంటె పడి పడి నవ్వుతున్నరు. నవ్వనీ. హైదరాబాదుల వీధికో పబ్బు ఉండంగ పోయి పోయి జొన్నచేన్లల్ల బీరు వెతుకుడేందని వాళ్ల అనుమానం. వాళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. మీకయినా మొదటి నుంచి చెప్త.

నాకు బీరంటె పిచ్చి. మత్తు కోసం కాదు, నిజంగ కాదు. నాకు వాసన కావాలె. హైదరాబాదుల సొంతంగ బీరు కాచి పోసే పబ్బులు మొదలైనప్పటి సంది మేము నలుగురు దోస్తులం శుక్రారం శుక్రారం కూడుతుంటిమి. గ్లాసులు రాంగనే ముందుగాల నా ముందట పెట్టేటోళ్లు. నేను గ్లాసుల ముక్కు పెట్టి, కండ్లు మూసుకొని, "ఇందుల ధనియాలు పడ్డయి, నారింజ తొక్క పడ్డది, దీన్ని ఇంకో వారం ఆగి తియ్యాల్సి ఉండె" అని చెప్తుంటి. వాళ్లు నన్ను పేరు పెట్టి పిలుసుడే మానేసిండ్రు. "ముక్కు వచ్చిందా? ముక్కు రాకుండ తాగొద్దు" అనేటోళ్లు. ఆడదానికి గీ పిచ్చేందని మా అత్త మొదట్ల గొణిగింది. తర్వాత తర్వాత చారు పాసిపోయిందా లేదా చూడమని ఆమే గిన్నె పట్టుకొని నా దగ్గరికి వచ్చేది.

రెండేండ్ల కింద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూ పోతూ వాసనను గూడ తీసుకపోయింది. చాయ తాగితె వేడినీళ్లు. మల్లెపూలు పట్టుకుంటె కాగితాలు. నా బిడ్డ తలకు పోసుకొని వచ్చి నా ఒళ్లె పండుకుంటె, దాని తల వాసన కోసం ముక్కు పెట్టి పెట్టి ఏడ్చిన. ఇది అందరికి చెప్తుంట. చెప్పనిది ఇంకోటి ఉన్నది. బీరు వాసన కోసం గూడ గట్లనే, అంతే ఏడ్చిన. బిడ్డకు, బీరుకు ఒక్కటే ఏడుపా అంటరని ఎవ్వరికి చెప్పలె.

డాక్టరమ్మ, తెలిసిన వాసనలనే రోజు చూడుమన్నది. లవంగం, నిమ్మకాయ, ఇంగువ, అన్ని డబ్బీలు వరుసగ పెట్టుకొని పొద్దు మాపు ముక్కు పెట్టిన. ఆమె ఇంకో మాట గూడ చెప్పింది. "జాగ్రత్త. తెలిసిన వాసనను మనసు కల్పించుకుంటది. నిమ్మకాయను చూసుకుంట ముక్కు పెడితే నిమ్మకాయ వాసన వచ్చినట్టే ఉంటది. అది లెక్కలకు రాదు." ఈ నడుమ పోతే మాత్రం కాగితాలు పక్కకు పెట్టి, "ఇంక ఆశ పెట్టుకోకమ్మా" అన్నది మెల్లగ.

జ్వరం తగిలే ముందు నేను తాగిన ఆఖరి గ్లాసు జొన్న బీరు. ఒక పబ్బుల చలికాలంల మాత్రమే కాచేటోళ్లు. నారాయణఖేడ్ తెల్లజొన్నలతోని చేసినమని వాళ్ల కార్డు మీద రాసి ఉండె. ఆ పబ్బు మూతబడ్డది, కాచే ఆయన పుణె పోయిండు. ఆ గ్లాసు నాకు ఇప్పటికి యాదికున్నది. పుల్లగ, కొత్త ధాన్యం లెక్క, అడుగున జరంత తీపి. యాదికి ఉంటది కాని ముక్కుకు అందదు. లవంగాలు అయిపోయినయి, నిమ్మకాయలు అయిపోయినయి, ఇంక మిగిలింది ఆ జొన్నలే. మల్ల చలికాలం రాంగనే ఇంట్ల పెండ్లున్నదని ఆఫీసుల అబద్ధం చెప్పి సెలవు పెట్టిన. బిడ్డను మా అత్తకు అప్పజెప్పి బస్సెక్కిన.

సంగారెడ్డి దాటినంక

ఆధార్ కార్డు చూపెడితె కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చిండు. ఆడోళ్లకు ఉట్టిగనే గదా, బస్సు నిండ ఆడోళ్లే. పిల్లలు, సంచులు, నెయ్యి డబ్బాలు. సంగారెడ్డి దాటినంక నా పక్కన జాగ దొరికి ఒకామె కూసున్నది. ఊరు సిర్గాపూర్, పటాన్‌చెరు దిక్కు అపార్ట్‌మెంట్ల పనికి పోయిండ్రట మొగుడూ తానూ. "రేపు ఎల్లమాస గదా, ఇంటికి పోతున్న" అన్నది. నాకు ఆ పేరే తెలువదు. మా వోళ్లది నల్లగొండ దిక్కు, మాకు ఆ అమావాస్య ఉట్టి అమావాస్యనే. "ఎల్లమాస ఎర్క లేదా? మరి మీరు చేనుకు ఎప్పుడు వండిపెడతరు?" అని ఆమె పరేషాన్ అయింది. చేనుకు వండిపెట్టుడు నేను ఎప్పుడూ వినలె. మాకు చేనే లేదంటె జాలిపడ్డది.

జోగిపేట కాడ జామకాయలు కొని నాకొకటి ఇచ్చింది. "వాసన చూడు, ఎట్లున్నదో" అని నా ముక్కు కాడనే పెట్టింది. అందరు అట్లనే అంటరు, ఏ పండు ఇచ్చినా. "మస్తున్నది" అన్న. కొరికితె నాలుకకు జరంత తీపి, అంతే, గింజలు మాత్రం పంటికి తగిలినయి. కిటికీల నుంచి చూస్తె రెండు దిక్కుల నల్లరేగడి, మనిషెత్తు జొన్న, కంకులు అప్పుడే తెల్లబడుతున్నయి. ఇన్ని జొన్నల నడుమ నుంచి పోతున్న, గాలికి ఎంత వాసన వస్తుందో ఏమో అనుకున్న. కిటికీ అద్దం పూర్తిగ తీసి కూసున్న, చలికి ఆమె కొంగు కప్పుకున్నది.

వైన్స్ కాడ

కొత్త ఊరు పోతే మనుషులు గుడి చూస్తరు, గడి చూస్తరు. నేను ముందుగాల ఆ ఊళ్లె బీరు ఏం దొరుకుతదో చూస్త. నారాయణఖేడ్ బస్టాండ్ల దిగి, చాయ తాగి, నేరుగ వైన్స్ కాడికి నడిచిన. ఇనుప జాలి వెనక షాపాయన, ముందట మగోళ్ల గుంపు. హైదరాబాదుల అయితె మోచేతులతోని పొడుచుకుంట పోవాలె. ఇక్కడ నన్ను చూడంగనే గుంపు రెండుగ చీలింది. "అక్కకు జాగ ఇయ్యిండ్రిరా" అని ఒకాయన అందరిని జరిపిండు. దవాఖానల నిండు చూలాలికి దారిచ్చినట్టు ఇచ్చిండ్రు. నవ్వాల్నో కోపం చేసుకోవాల్నో నాకు సమజ్ కాలె.

"ఏం గావాలె?" అన్నడు షాపాయన.

"బీర్లు ఏమేమున్నయి?"

"స్ట్రాంగ్ ఉన్నది, లైట్ ఉన్నది."

"గోధుమ బీరు?"

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసిండు. "గోధుమలు కిరాణంల దొరుకుతయక్కా."

వెనక కిసుక్కున నవ్విండ్రు. నేను తగ్గే రకం కాదు. "పోనీ, జొన్నలతోని చేసింది?"

"జొన్నలతోని రొట్టె చేస్తరు." ఆయనకు నా మీద నిజంగనే జాలి కలిగినట్టుంది. "ఇగో అక్కా, ఎందుకు పరేషాన్, మా కాడ ఉన్నయి రెండే రకాలు. కూలింగ్ ఉన్నది, కూలింగ్ లేనిది."

కూలింగ్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి తీసుకున్న. పబ్బుల ఒక్క గ్లాసుకు ఇచ్చే పైసలల్ల రెండు సీసాలు వచ్చి, పల్లీల పొట్లం గూడ వచ్చింది. "సార్ కోసమా?" అని అడిగిండు చిల్లర ఇచ్చుకుంట. "సార్ తాగడు, నా కోసమే" అన్న. అందరు ఒక్కసారి నా దిక్కు తిరిగిండ్రు. అప్పుడు గోడకు ఆనుకొని నిలబడ్డ ధోతి తాత ఒకాయన, "మా అవ్వ ముంతెడు కల్లు తాగి గడ్డిమోపు మోసేది. గిండ్ల నోరు తెర్సుకొని చూసెతందుకు ఏమున్నదిరా?" అని కసిరిండు. ఆ తాతకు దండం పెట్టాల్ననిపించింది.

షాపాయన మాత్రం సీసాలను పేపర్ల చుట్టి, నల్లకవర్ల పెట్టి, ముడేసి ఇచ్చిండు. "చుట్టకు, నాకేం సిగ్గు లేదు" అన్న. "నీకు లేదక్కా, నాకున్నది" అన్నడు.

లాడ్జి గదిల కూలింగ్ సీసా తీసి స్టీలు గ్లాసుల పోసిన. నురుగు మంచిగనే లేచింది. చెవు దగ్గర పెట్టుకుంటె చిటచిట వినిపించింది. ముక్కు పెట్టిన. చల్లటి తేమ తగిలింది, అంతే. తాగితె చేదు, చల్లదనం, నాలుక మీద పొడుసుడు. దేనికి పేరు లేదు. ఒకప్పుడు గిసుంటి బీరును నేను ఎంత వెక్కిరిచ్చేదాన్నో యాదికొచ్చింది. మాడిన గంజి వాసన అని, తడిసిన అట్టపెట్టె వాసన అని. దేవుడా, నాకు ఆ అట్టపెట్టె వాసన ఇయ్యి చాలు అనుకున్న. సగం తాగి మిగిలింది పారబోసిన. రెండో సీసా సంచిల పెట్టుకొని దుప్పటి కప్పుకున్న.

అన్ని బంద్

పొద్దున లేచి రోడ్డు మీదికి వస్తే ఊరికి ఊరు బంద్. హోటలు లేదు, చాయ బండి లేదు. కర్ఫ్యూ పెట్టిండ్రా అనుకున్న. ట్రాక్టర్లు, బండ్లు, మోటరు సైకిళ్ల మీద జనం అందరు ఊరు విడిచి పోతుండ్రు. నెత్తి మీద గంపలు, గంపల మీద తెల్లబట్ట. బస్సుల ఆమె చెప్పిన ఎల్లమాస ఇదే గావచ్చు అనుకున్న. ఆకలికి కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి.

ఆటోల అడ్డ మీద ఒక్కటే ఆటో ఉన్నది. నలభై ఏండ్లాయన కొబ్బరికాయల సంచి లోపల పెడుతుండు. "అన్నా, తినెతందుకు ఎక్కడ దొరుకుతది?" అని అడిగిన.

"ఇయ్యాల ఊళ్లె ఎవ్వరు తినరు. తినాలంటె చేనుకు పోవాలె."

"ఎవరి చేనుకు?"

"ఎవరి చేనుకన్న పో. ఎల్లమాస నాడు దారిన పోయేటోళ్లను తినకుండ ఎవ్వరు పోనియ్యరు." నా మొహం చూసి నవ్విండు. "మాదే చేను ఉన్నది, కల్హేర్ దాటినంక. మా అవ్వ, నా పెండ్లాం పొద్దుగాలనే పోయిండ్రు. కొబ్బరికాయలకు నేను వచ్చిన. ఎక్కు."

ఆయన పేరు మాణిక్. కిరాయి ఎంతంటె చేతితోని అవతలికి కొట్టిండు. దారి పొడుగు ముచ్చట. నేను బీరు, జొన్నలు అని మొదలుపెట్టంగనే, "నేను హైదరాబాదుల గసుంటి పబ్బుల గ్లాసులు కడిగిన" అన్నడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "మీ అసుంటోళ్లను చూసిన. గ్లాసు రాంగనే తాగకుండ ముక్కు పెట్టి పెట్టి చూస్తరు. మేము లోపల నుంచి చూసి గుండెలు చేతుల పట్టుకునేటోళ్లం. గ్లాసు మంచిగ కడగలేదేమో, వాసన వస్తుందేమో, సేటు తిడతడేమో అని!" నేను నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్న. ఇన్నేండ్లు నేను ముక్కు పెట్టినప్పుడల్ల లోపల ఎవరికి గుండె ఆగిందో మరి.

వాసన పోయిన సంగతి మాత్రం ఆయనకు చెప్పలె. ముచ్చట సంతోషంగ నడుస్తుంది, చెడగొట్టుడెందుకని ఊకున్న.

సంగవ్వ చేను

చేను గట్టు మీద మాణిక్ వాళ్లవ్వ సంగవ్వ నడుముకు కొంగు చెక్కుకొని నిలబడ్డది. సన్నటి మనిషి, గొంతు మాత్రం అవతలి చేను దాక వినొస్తది. నేనెవరో, ఎందుకొచ్చిన్నో ఏమీ అడగలె. "రా బిడ్డ, రా, ఊట చేద్దువు రా" అన్నది. ఊట అంటె కన్నడంల అన్నం తినుడు. కర్ణాటక పక్కనే గదా, ఇక్కడోళ్ల మాటల్ల అది కలిసిపోయింది. మా ఇంటికి చెప్పకుండ చుట్టం వస్తె ముందు గడియారం చూస్తం. ఈమె నాకు తినబెట్టకుండనే కడుపు నింపింది.

చేను నడుమ జొన్న చొప్ప కట్టలను నిలబెట్టి చిన్న గుడిసె లెక్క చేసిండ్రు. దాని లోపల అయిదు రాళ్లకు సున్నం పూసి బొట్లు పెట్టిండ్రు. అయిదుగురు పాండవులట. బయట గంపలల్ల సజ్జ రొట్టెలు, జొన్న కుడుములు, భజ్జి కూర. శనగాకు, కందికాయ గింజలు, చిక్కుడు గింజలు, పల్లీలు, ఇంక నాకు పేరు తెలువని ఆకులు, దొరికిన పచ్చిదంత ఒక్కటే గిన్నెల ఉడికిచ్చి చేస్తరు ఆ కూర. అన్నిటికి ఇవతల, నీడకు, సున్నపు చుక్కలు పెట్టిన కొత్త కుండల అంబలి. జొన్నపిండి కాచి, పులియబెట్టి, చల్ల కలిపేది. ముందు దేవునికి చూపెట్టి, తర్వాత చేను చుట్టు తిరుక్కుంట దాన్నే పైరు మీద చల్లుతరు. ఆ తర్వాతనే మనుషులు తాగుతరు.

పులిసిన జొన్న! నేను రెండేండ్ల సంది మనసుల మోస్తున్నది, కుండ నిండ, మూరెడు దూరంల.

"బిడ్డ, గా కుండ జర పట్టు, చల్ల పోస్త" అన్నది సంగవ్వ.

మోకాళ్ల మీద కూసొని రెండు చేతులతోని కుండను పట్టుకున్న. ఆమె పైన కట్టిన బట్ట తీసి, చల్ల పోసి, కట్టెతెడ్డుతోని తిప్పింది. అంబలి సుయ్యిమని పొంగింది. సన్నటి బుడగలు లేస్తున్నయి, పగులుతున్నయి. నా మొహం కింద, నా రెండు చేతుల నడుమ. ఆలోచించే పని లేదు. ఏండ్లకేండ్ల అలవాటు. కండ్లు మూసుకొని, తల వంచి, కుండల ముక్కు పెట్టి నిండుగ గుంజిన.

"అయ్యయ్యో అత్తా! వాసన చూసింది!" అని మాణిక్ పెండ్లాం లలిత కేక పెట్టింది.

దేవునికి పెట్టేదాన్ని ముందు వాసన చూస్తె తిన్నట్టే. ఎంగిలి. మా ఇంట్ల గూడ అంతే, దేవుని పూలు ముక్కు కాడికి తెస్తె మా అత్త చెయ్యి మీద కొడ్తది. నాకు తెలువదా? తెలుసు. నా ముక్కుకు తెలువది.

సంగవ్వ చేతుల తెడ్డు అట్లనే ఆగింది. "ఒక్కటే కుండ పెడితి గదనే" అన్నది. మాణిక్ తలకాయ పట్టుకున్నడు. "పక్క చేనోళ్లను అడగాలె ఇగ." దానికి సంగవ్వ మొహం ఇంక నల్లబడ్డది. పక్క చేనోళ్లతోని గట్టు పంచాయితి, మాటలు బంద్ అయి శానా రోజులయిందట. ఎల్లమాస నాడు వాళ్ల ముందట గిన్నె పట్టుకొని నిలబడుడంటె ఆమెకు పాణం పోయినట్టే. పిలిచి అన్నం పెడతనన్న మనిషికి నేను చేసిన పని ఇది. భూమి చీలితె దూరిపోదునేమో.

"అవ్వా, నాకు వాసన రాదు!" అని అరిచిన. "జ్వరం వచ్చి ముక్కు పోయింది. రెండేండ్ల సంది ఏ వాసన రాదు. ఒట్టు!"

అందరు నా దిక్కు చూసిండ్రు. "అసలుకే రాదా?" అన్నది సంగవ్వ.

"రాదు."

"కిర్సనాయిల్?"

"రాదు."

"పేడ?"

"పేడ గూడ రాదవ్వా."

"అయ్యో బిడ్డ..." అని నా గదువ పట్టుకున్నది. కుండను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "వాసనే రానిదానికి ఎంగిలేంది? దేవునికి ఎర్క లేదా? లెవ్వు, కుండ లేపుండ్రి." మాణిక్ నవ్వుకుంట వచ్చి కుండ లేపి చంకల పెట్టుకున్నడు. లలిత కొంగుతోని చెమట తుడుచుకున్నది. అందరి మొహాలు తేటపడ్డయి. నా ముక్కు పోయినందుకు ఒకరు సంతోషపడుడు అదే మొదటిసారి.

నేను ఇంక మోకాళ్ల మీదనే ఉన్న. అప్పుడు తెలిసింది. ముక్కుల ఏదో ఉన్నది.

దారమంత సన్నగ. పులుపు. కల్పించుకుంటున్న అనుకున్న, అంబలి పుల్లగుంటదని తెలుసు గదా. దాని వెనక జొన్న. అది గూడ కల్పనే, దాని కోసమే గదా వచ్చిన. కాని వాటి కింద ఇంకోటి ఉన్నది. పొగ. తీయటి, గడ్డి కాలిన పొగ. చుట్టు చూసిన. ఎక్కడ మంట లేదు. వంట ఇంట్లనే చేసి తెచ్చిండ్రు. ఊదుకడ్డి గూడ ఇంక ముట్టియ్యలె. నేను అనుకోనిది, నేను అడగనిది ముక్కులకు ఎట్లొచ్చె?

మాణిక్ గుడిసె దిక్కు నడుస్తుండు.

రెండేండ్ల సంది ఒక్క మాట కోసం చూసిన. వాసన వస్తె ముందు బిడ్డకు చెప్పాలె, తర్వాత దోస్తులకు ఫోను చేసి చెవులు పగిలేటట్టు ఒర్లాలె అనుకున్న. ఇప్పుడు ఆ మాట అంటె కుండ ఎంగిలి. ఊకుంటె ఎవ్వరికి తెలువది. నేనేం సత్యవంతురాలిని కాదు, పెండ్లి అని అబద్ధం చెప్పి వచ్చినదాన్ని. కాని ఇన్నేండ్లకు గడప దాక వచ్చినదాన్ని చూసి, నువ్వు రాలేదని నా నోటితోని ఎట్ల అనాలె?

"మాణిక్, ఆగు" అన్న. "వచ్చింది."

"ఏమొచ్చింది?"

"వాసన."

సంగవ్వ గిర్రున తిరిగింది. "ఇప్పుడే గద రాదంటివి!"

"రాకుండె అవ్వా. ఇప్పుడొచ్చింది." మాట పూర్తిగ కాకముందే నాకు ఏడుపు వచ్చింది. "పులుపు వచ్చింది. జొన్న వచ్చింది. పొగ వచ్చింది, అవ్వా. గడ్డి కాలిన పొగ. మంట లేదు గదా ఇక్కడ, ఎక్కడిది?"

సంగవ్వ మాణిక్ చంకల నుంచి కుండను తీసుకొని కింద పెట్టింది. ఎట్లయినా ఎంగిలయినదే గదా అనుకున్నదో ఏమో, తనే వంగి కుండల ముక్కు పెట్టింది. ఇన్నేండ్ల ఎల్లమాసలల్ల ఆమె చెయ్యని పని అది. తల ఎత్తి నన్ను చూసింది.

"ఉన్నది" అన్నది. "పొగ ఉన్నది. కొత్త కుండ గదా, మన్ను వాసన పోవాల్నని చొప్ప ముట్టిచ్చి దాని మీద బోర్లిచ్చిన. అప్పుడు ఇంట్ల నేనొక్కదాన్నే ఉంటి. నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలె."

డాక్టరమ్మ చెప్పిన లెక్కలకు వచ్చింది. కల్పన కాదు. సంగవ్వ చేతులు పట్టుకొని ఎంతసేపు ఏడ్చిన్నో నాకే తెలువది. ఆమె నన్ను దగ్గరికి గుంజుకున్నది, వీపు నిమిరింది, అటెనుక వీపు మీద ఒక్కటి సరిచింది. "నీ ముక్కు వచ్చెతందుకు నా కుండే దొరికిందానే?" అన్నది.

నేను పోయి పక్క చేనోళ్లను బతిమిలాడత అన్న. "నువ్వు కూసో. వాళ్ల కుండకు గూడ ముక్కు పెడతవు" అని తనే ఇత్తడి చెంబు పట్టుకొని గట్టు దాటింది. గట్టు పొంటి ఏసిన కుసుమ చెట్ల ముండ్లల్ల నుంచి ఆ సన్నటి మనిషి పోతుంటె నేను గట్టు దాక పోయి చూసిన. ఆ చేనుల ఒకామె లేచి నిలబడ్డది. ఇద్దరు మాట్లాడుకున్నట్టు కనిపియ్యలె. సంగవ్వ తిరిగి వచ్చినప్పుడు చెంబు అంచుల దాక నిండి ఉన్నది. "ఏమన్నది?" అని మాణిక్ అడిగితె, "ఏమంటది, పోసింది" అన్నది.

ఎవరి కుండ వాళ్లకు

ఆ అంబలితోని పూజ అయింది. మాణిక్ ముందట కేక పెట్టుకుంట, లలిత వెనక అంబలి చల్లుకుంట చేను చుట్టు తిరిగిండ్రు. కేకలు అన్ని చేన్లల్ల నుంచి వస్తున్నయి. మేము తినెతందుకు కూసున్నం. సంగవ్వ నా కుండను నా ముందట పెట్టింది. "ఇది నీది. నీ ఎంగిలి నువ్వే తాగు."

గ్లాసుల పోసుకున్న. మొదటి గ్లాసుకు పొగ ఉన్నది, సన్నగ. నేను వెతుక్కుంట వచ్చిన బీరు ఇది కాదు. దాని పులుపు నిమ్మరసం లెక్క సూటిగ ఉండె, దీనిది మెత్తగ, చల్ల కలిసి గొంతుల ఆగుతున్నది. రెండో గ్లాసుకు పొగ దూరం జరిగింది. మూడోదానికి ఏం లేదు. పుల్లటి గంజి అంతే. కుండల ముక్కు పెట్టిన, గ్లాసుల పెట్టిన, చెయ్యికి రాసుకొని చూసిన. పోయింది. వచ్చి పోయినదాని మీద ఉండే ఆశ, అసలుకే రానిదాని మీద ఆశ కంటె కష్టం. భజ్జి కూర బాగున్నదని అందరు అంటుంటె నేను తల ఊపుకుంట తిన్న.

సంచిల కూలింగ్ లేని సీసా యాదికొచ్చింది. తీసి సంగవ్వకిచ్చిన. ఆమె రెండు చుక్కలు నేల మీద ఇడిసి, గ్లాసుల పోసుకొని, నన్ను చూసి ముందుగాల ముక్కు పెట్టింది, అచ్చం నా లెక్క కండ్లు మూసుకొని. అందరు గొల్లున నవ్విండ్రు.

"ఏం వాసన అవ్వా?" అన్న. ఇన్నేండ్లు అందరు నన్ను అడిగిన మాట అది.

"తడిసిన గడ్డి," అన్నది. మల్ల పెట్టింది. "గంజి. ఇంక... నాణెం నోట్లె పెట్టుకుంటె ఉంటది సూడు, గది." తాగి మొహం ముడుచుకున్నది. "పులుపేది దీంట్ల? ఎందుకు తాగుతరే గిది?"

నేను ఆమె చెప్పింది వినుకుంట గ్లాసు చూస్తున్న. తడిసిన గడ్డి, గంజి, నాణెం. అవును, గదే.

పోయేటప్పుడు కుండల మిగిలిన అంబలిని నీళ్ల సీసాల నింపి ఇచ్చింది. ఆటో కాడి దాక వచ్చి, "మల్ల ఎల్లమాసకు రా" అన్నది. "రెండు కుండలు పెడత. ఒకటి దేవునికి, ఒకటి నీ ముక్కుకు. ఏది నీదో నేను చెప్పినంకనే ముట్టు."

తిరుగు బస్సుల

సీసా మూత గట్టిగ పెట్టకు అని సంగవ్వ చెప్పింది. ఇన్నేండ్లు బీర్ల ఎనక తిరిగినదాన్ని, పులుస్తున్నదాన్ని బిగిస్తె ఏమయితదో నాకు చెప్పాల్నా? అయినా సంచిల ఒలికిపోతదని భయపడి బిగిచ్చిన. జోగిపేట దాటినంక ఒళ్లెనే పేలింది. నా కుర్తా, ముందు సీటాయన మెడ, బస్సు కప్పు అంత అంబలి. "ఏం వాసనమ్మా గిది!" అని కండక్టరు. "అద్దాలు తీయుండ్రి" అని వెనక నుంచి. ఒక ముసలామె మాత్రం, "ఎల్లమాస అంబలి గదనే, పాపం, నేల పాలు చేస్తివి" అన్నది. బస్సుల అందరికి వచ్చింది ఆ వాసన. తుడుచుకుంట, మన్నించమనుకుంట, మెల్లగ నా చెయ్యిని ముక్కు కాడ పెట్టుకున్న. నాకు రాలె.

ఇంటికి చేరేటాళ్లకు దీపాలు పెట్టిండ్రు. బిడ్డ ఉరికొచ్చి నన్ను కరుసుకొని, వెంటనే మొహం వెనక్కి తీసింది. "అమ్మా, నీ దగ్గర ఏందో వాసన వస్తుంది."

"ఏం వాసన?"

అది మల్ల దగ్గరికి వచ్చి నా కుర్తాకు ముక్కు పెట్టింది. కండ్లు మూసుకున్నది. ఆ అలవాటు దానికి నేను నేర్పలె. "పుల్లగ..." అన్నది. "ఇంక పొగ."

నేను దాన్ని ఒళ్లెకు గుంజుకొని తలకు ముక్కు ఆనిచ్చిన. అప్పుడే తలకు పోసుకున్నట్టుంది, జుట్టు ఇంక తడిగనే ఉన్నది. ఏమీ రాలె. కుండ మీద గూడ వెంటనే రాలె గదా అనుకొని, ముక్కు తియ్యకుండ అట్లనే కూసున్న.